పెరటి కోడి: జాతి మార్చే ముందు పిల్లను దక్కించుకోండి

కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్ళల్లో పెరట్లో నాలుగు కోళ్ళు లేని రైతు ఇల్లు అరుదు. పత్తి అమ్మిన డబ్బు పురుగుమందుల కొట్టు బాకీకి, మిర్చి అమ్మిన డబ్బు కౌలుకు, కూలీలకు సరిపోతుంది. ఉప్పు, పప్పు, పిల్లల పుస్తకాలు, బస్సు చార్జీ లాంటి చిన్న చిన్న అవసరాలకు చాలా ఇళ్ళల్లో ఆదుకునేది పాలు, గుడ్లు, కోడి అమ్మిన డబ్బే. పైగా ఇది ఇంటి ఆడవాళ్ళ చేతి డబ్బు. దీనికి వడ్డీ లేదు, వాయిదా లేదు. ఎకరం, రెండెకరాల చిన్న రైతుకు, కౌలు రైతుకు ఇదేమీ చిన్న విషయం కాదు.

అందుకే ఈ మధ్య చాలామంది రైతులు పెరటి కోళ్ళ మీద దృష్టి పెడుతున్నారు. వాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ జాతి తెచ్చుకుంటే బాగుంటుంది? వనరాజానా, గ్రామప్రియానా, కడక్‌నాథా, అసీలా? ప్రశ్న మంచిదే. అయితే దానికన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. పోయినసారి మీ పెట్ట ఎన్ని పిల్లలు చేసింది? వాటిలో ఎన్ని పెద్దవయ్యాయి? పన్నెండు పిల్లలు దిగితే మూడో నాలుగో మిగిలాయి అనేవాళ్ళే ఎక్కువ. మిగిలినవి గద్ద పాలో, పిల్లి పాలో, తెగులు పాలో అయ్యాయి. ఆ లోటు సరిచేసుకోకుండా ఎంత మేలు జాతి తెచ్చినా అడుగు లేని కుండలో నీళ్ళు పోసినట్టే.

మన పెరట్లో ఉన్న జాతులు

మనం నాటుకోడి అని పిలిచేది ఒకే జాతి కాదు. తరతరాలుగా ఊళ్ళో కలగలిసిపోయిన రకం. ఏడాదికి 50 నుంచి 60 గుడ్లు పెడుతుంది. విడతలుగా పెట్టి, విడతకు 12 నుంచి 15 గుడ్లు కాగానే పొదుగుడుకు కూర్చుంటుంది. బరువు తక్కువ, ఎదుగుదల నెమ్మది. కానీ మేత తనే వెతుక్కుంటుంది, గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కింద దాచుకుంటుంది, ఎండకూ వానకూ ఓర్చుకుంటుంది.

రెండోది అసీలు. ఇది మన తెలుగు నేల పేరు నిలబెట్టిన జాతి. ఆంధ్రతో పాటు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలు దీనికి పుట్టినిళ్ళు. నిటారుగా నిలబడే ఒళ్ళు, పొడవైన మెడ, గట్టి కాళ్ళు, చిన్న జుట్టు దీని గుర్తులు. పుంజు మూడు నాలుగు కిలోలు, పెట్ట రెండు మూడు కిలోలు తూగుతుంది. గుడ్లు మాత్రం తక్కువ, ఏడాదికి 30 నుంచి 40. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, మైల, పింగళ, అబ్రాసు అంటూ ఈకల రంగును బట్టి మన పెద్దలు పెట్టిన పేర్లు ఈ జాతి పుంజులవే ఎక్కువ. కృష్ణ దాటితే పల్నాడు. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు వేసిన కోడిపందెం కథ తెలియని ఊరు ఇటు ఒడ్డునా లేదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. 19వ శతాబ్దంలో మన దేశం నుంచి అసీలు కోళ్ళను ఇంగ్లండు తీసుకుపోయి, అక్కడి కార్న్‌వాల్ ప్రాంతంలో ఇతర జాతులతో కలిపి బాగా ఎద కండ ఉన్న కోడిని తయారు చేశారు. దానికి మొదట పెట్టిన పేరే ఇండియన్ గేమ్. తర్వాత అదే కార్నిష్ జాతి అయింది. నేడు ప్రపంచమంతా తినే బ్రాయిలర్ కోడికి తండ్రి వరుస ఈ కార్నిష్‌దే. అంటే దుకాణంలో వేలాడే బ్రాయిలర్ కోడిలోనూ మన పెరటి అసీలు రక్తం ఎంతో కొంత ఉంది. మన జాతి పనికిరాదు అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బయటి నుంచి వచ్చిన రకాలు

వెనకటి రోజుల్లో సీమకోళ్ళని తెల్ల లెగ్‌హార్న్‌లు, ఎర్ర రోడ్ ఐలాండ్ కోళ్ళు పంచిపెట్టేవాళ్ళు. తెల్లకోడి గద్ద కంట తొందరగా పడుతుంది, పొదుగుడుకు కూర్చోదు, మేత పెట్టకపోతే గుడ్డు పెట్టదు. అందుకే అవి పెరట్లో నిలవలేదు. ఆ అనుభవంతోనే ఆ తర్వాత రంగు ఈకలతో, పెరటికి సరిపోయేలా కొత్త రకాలు తయారు చేశారు. బెంగళూరు హెబ్బాళ నుంచి గిరిరాజ, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల నుంచి రాజశ్రీ అలా వచ్చినవే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో పెట్టిన కోళ్ళ పరిశోధన ప్రాజెక్టు నుంచి వనరాజా, గ్రామప్రియ వచ్చాయి. 2013 నుంచి ఆ సంస్థను కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ అంటున్నారు.

వనరాజా మాంసానికీ గుడ్లకూ రెండింటికీ పనికొచ్చే రకం. పుంజులు నాటువాటి కన్నా చాలా త్వరగా బరువెక్కుతాయి. పెట్టలు ఏడాదికి 100 పైచిలుకు గుడ్లు పెడతాయి. అయితే పెట్టకు అతిగా మేపి కొవ్వు పట్టిస్తే గుడ్లు తగ్గిపోతాయి.

గ్రామప్రియ గుడ్లకు మేలు. శ్రద్ధగా చూసుకుంటే 160 నుంచి 180 గుడ్లు వస్తాయి. గుడ్డు పెంకు గోధుమరంగులో ఉంటుంది కాబట్టి పల్లెల్లో గిరాకీ బాగుంటుంది.

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి. ఈక, చర్మం, మాంసం అన్నీ నలుపే. 2018లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇది మంచి జాతే, కానీ దీని పేరు మీద మోసాలూ జరిగాయి. పిల్లలిస్తాం, పెంచితే ఎక్కువ ధరకు మేమే తిరిగి కొంటాం అని ముందుగా డబ్బు కట్టించుకుని రైతులను ముంచిన వ్యవహారం 2019లో మహారాష్ట్రలో పోలీసు కేసుల దాకా వెళ్ళింది. కొనేవాడు మన ఊళ్ళో, పక్క ఊళ్ళో ఉంటేనే ఏ జాతైనా పెట్టాలి. కాగితం మీద రాసిచ్చిన ధర నమ్మి అప్పు చేయకూడదు.

పొదగని కోడితో చిక్కు

వనరాజా, గ్రామప్రియ లాంటి రకాల్లో పొదుగుడు గుణం దాదాపు ఉండదు. పొదగకపోబట్టే అన్ని గుడ్లు పెడుతున్నాయి. ఇది తప్పు కాదు, వాటి తయారీయే అంత. కానీ రైతు వైపు నుంచి చూస్తే సంగతి వేరు. ఆ కోళ్ళు అయిపోయాక మళ్ళీ పిల్లల్ని కొనాల్సిందే. ఇంట్లో నాటు పెట్టలన్నీ అమ్మేసి వీటినే నింపుకున్నవాళ్ళకు రెండేళ్ళకు పెరడు ఖాళీ అవుతుంది.

ఇంకో సంగతి. ఇవి రెండు మూడు వరుసల కోళ్ళను కలిపి చేసిన సంకరాలు. పత్తిలో సంకర విత్తనం లాగానే, వీటిలో వీటిని దాటించి తీసిన పిల్లలు తల్లిదండ్రుల్లా ఉండవు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, గుడ్లు ఒకదానికి ఎక్కువ, ఇంకొకదానికి తక్కువ అవుతాయి. అందుకని వాటిని విత్తనపు కోళ్ళుగా నమ్ముకోకూడదు.

మరి ఏం చేయాలి? కనీసం మూడు మంచి నాటు పెట్టలను ఎట్టి పరిస్థితిలోనూ అమ్మకుండా ఉంచుకోండి. బాగా పొదిగేది, పిల్లల్ని వెంటబెట్టుకు తిప్పేది, కుక్కను చూస్తే మీదికి ఉరికేది ఏదో మీ ఇంట్లో వాళ్ళకు తెలుసు. అలాంటి పెట్టే మీ ఇంటి పొదుగు యంత్రం. కరెంటు లేకుండా, ఖర్చు లేకుండా పనిచేస్తుంది. గుడ్ల కోసం గ్రామప్రియలు నాలుగు కావాలంటే పెట్టుకోండి, తప్పులేదు. కానీ అవి నాటు పెట్టకు తోడు మాత్రమే, దాని చోట కాదు.

ఒక లెక్క చూడండి

మూడు నాటు పెట్టలు, ఏడాదికి మూడుసార్లు పొదిగాయనుకుందాం. ఒక్కోసారి 12 గుడ్లు వేస్తే మొత్తం 108 గుడ్లు. నూటికి 80 పిల్లలైతే 86 పిల్లలు దిగుతాయి. వీటిలో నూటికి 30 మాత్రమే బతికితే మీకు మిగిలేవి 26 కోళ్ళు. నూటికి 70 బతికితే 60 కోళ్ళు. తేడా 34 కోళ్ళు. అదే పెట్టలు, అదే పెరడు, జాతి మార్చింది లేదు. మీ ఊళ్ళో నాటుకోడి ధర ఎంతో మీకే తెలుసు, 34తో గుణించుకోండి.

ఊరికే రాదు, దీనికి ఖర్చు ఉంది. ఒక్కో పిల్లకు మొదటి ఆరు వారాల్లో కిలో అటూ ఇటూగా దాణా కావాలి. టీకాలు, ఒక గూడు, నాలుగు గంపలు కావాలి. ఆ ఖర్చు తీసేసినా మిగులే.

పొదిగేసేటప్పుడు

గుడ్డులో జీవం ఉండాలంటే పుంజు ఉండాలి. ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు చాలు. పొదిగేసే గుడ్లు తాజావై ఉండాలి. చలికాలంలో వారం రోజుల లోపువి, ఎండాకాలంలో మూడు నాలుగు రోజుల లోపువి వాడాలి. కుండలో తడి ఇసుక పోసి, పైన గుడ్డ పరిచి, దాని మీద గుడ్లు పెడితే చల్లగా ఉంటాయి. రోజుకు ఒకసారి అటూ ఇటూ తిప్పాలి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు పలచనివి, పగుళ్ళు పట్టినవి తీసేయాలి. గుడ్లను నీళ్ళతో కడగకూడదు. కడిగితే పెంకు మీది పొర పోయి లోపలికి క్రిములు చేరతాయి.

పొదుగు గంపలో అడుగున కాస్త బూడిద, ఎండు వేపాకు, పైన మెత్తటి గడ్డి వేయాలి. కోడిపేలు పడితే పెట్ట గుడ్ల మీద నిలవదు, మధ్యలో లేచిపోతుంది. కాబట్టి పెట్టను కూర్చోబెట్టే ముందే ఒళ్ళు చూడాలి. చీకటి పడ్డాక గుడ్లు పెడితే పెట్ట బెదరదు. గంప చీమలకు, పిల్లికి అందని చోట, మనుషుల అలికిడి తక్కువ ఉన్న మూలన ఉండాలి. రోజుకు ఒకసారి పెట్ట కిందికి దిగి మేత తిని, నీళ్ళు తాగి పావుగంటలో తిరిగి ఎక్కుతుంది. మేత, నీళ్ళు దగ్గరే ఉంచితే గుడ్లు చల్లారవు.

ఏడెనిమిది రోజులకు చీకట్లో గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి చూడండి. సెల్‌ఫోను లైటుకు అట్టముక్కలో చిన్న చిల్లు చేసి చూసినా తెలుస్తుంది. ఎర్రటి దారాల్లా నరాలు కనిపిస్తే పిల్ల కడుతున్నట్టు. తేటగా ఉంటే అది ఒట్టి గుడ్డు, తీసేయండి. పిల్లలు 21వ రోజుకు దిగుతాయి.

మన మెట్టలో ఏప్రిల్, మే నెలల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఎండల వార్త రాస్తే నందిగామ, జగ్గయ్యపేట పేర్లు రాకుండా ఉండవు. ఆ రెండు నెలలు పొదిగేస్తే సగం గుడ్లు చెడిపోతాయి. వానలు పడి చల్లబడ్డాక ఒకసారి, దసరా దాటాక ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి వేసుకోవడం మేలు.

ఇంకో చిన్న కిటుకు ఉంది. రెండు పెట్టలను ఒకే రోజు పొదుగుడుకు వేయండి. పిల్లలు దిగాక రెండింటి పిల్లల్ని రాత్రిపూట ఒకే పెట్ట కిందికి చేర్చండి. తెల్లారేసరికి అది తనవేనని తిప్పుకుంటుంది. రెండో పెట్ట కొద్ది వారాల్లోనే మళ్ళీ గుడ్లకు వస్తుంది.

మొదటి ఆరు వారాలే కీలకం

పోయే పిల్లల్లో ఎక్కువ పోయేది ఈ ఆరు వారాల్లోనే. దిగిన రెండో రోజే తల్లితో పెరటి మీదికి వదలడం మన అలవాటు. గద్ద, కాకి, పిల్లి, ముంగిస అక్కడే కాచుకుని ఉంటాయి. మొదటి మూడు వారాలు పిల్లల్ని పెద్ద గంప కింద గానీ, వల చుట్టిన చిన్న దొడ్లో గానీ ఉంచండి. తల్లిని కాలికి తాడు కట్టి పక్కనే ఉంచితే పిల్లలు దూరం పోవు. నాలుగో వారం నుంచి మనిషి ఇంటి దగ్గర ఉన్న పూట మాత్రమే వదలండి.

నీళ్ళు లోతు తక్కువ పళ్ళెంలో పోసి, మధ్యలో గులకరాళ్ళు వేయండి. లేకపోతే పిల్లలు తడిసి చలికి చస్తాయి. నూకలు ఒక్కటే వేస్తే కడుపు నిండుతుంది గానీ ఎముక, కండ పట్టవు. ఇంట్లో కలుపుకునే దాణా ఇలా చేసుకోవచ్చు: మొక్కజొన్న నూక 50 పాళ్ళు, వేరుశనగ చెక్క గానీ సోయా చెక్క గానీ 25 పాళ్ళు, తవుడు 22 పాళ్ళు, ఖనిజ లవణ మిశ్రమం 3 పాళ్ళు. మొక్కజొన్న, చెక్క బూజు పట్టినవి వాడకూడదు. బూజు విషం పిల్లల కాలేయాన్ని తింటుంది. పత్తిచెక్క మన దగ్గర చవకే, కానీ అది గేదెకు పెట్టేది. అందులోని గాసిపాల్ అనే విషపదార్థం కోడికి పడదు.

మన పెద్దవాళ్ళకు తెలిసిన పద్ధతి ఒకటుంది. పాత కుండలో ఎండు పేడ, గడ్డి, గోనెముక్క కుక్కి కాస్త నీళ్ళు చల్లి, చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే పొద్దునకు చెదలు పడతాయి. పిల్లలకు అంతకు మించిన బలం లేదు. పైసా ఖర్చు లేదు.

బయట నుంచి ఒకరోజు పిల్లల్ని కొని తెస్తే తల్లి వేడి ఉండదు కాబట్టి బల్బు పెట్టాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన పాత రకం బల్బు వాడాలి. ఎల్‌ఇడి బల్బు వెలుగిస్తుంది గానీ వేడి ఇవ్వదు. పిల్లలన్నీ బల్బు కిందికి గుమిగూడితే వేడి చాలలేదని, గోడలకు అంటుకుని నోరు తెరిస్తే ఎక్కువైందని అర్థం. కింద పరిచిన ఊక తడవకుండా చూడండి. తడి ఊకలో రక్తపారుడు రోగం పుడుతుంది. రెట్టలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుని అడిగి మందు నీళ్ళలో కలిపి ఇవ్వాలి.

కొక్కెర తెగులు: ఊరంతా కలిస్తేనే

ఎంత బాగా మేపినా ఒక్క తెగులు వచ్చి గూడు గూడంతా ఊడ్చేస్తుంది. అదే కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో, 1927లో మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనిపించింది కాబట్టి దీన్ని న్యూకాజిల్ అనీ, రాణిఖేత్ అనీ అంటారు. కోడి ముడుచుకు కూర్చుంటుంది, నోరు తెరిచి శ్వాస తీస్తుంది, ఆకుపచ్చగానో తెల్లగానో పారుతుంది, మెడ మెలితిరిగిపోతుంది. వచ్చాక మందు లేదు. రాకముందు టీకాయే దారి.

టీకాల వరుస ఇది:

పిల్ల వయసు 5 నుంచి 7 రోజులప్పుడు లసోటా గానీ ఎఫ్ రకం గానీ కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క.

నాలుగు వారాలకు మళ్ళీ లసోటా చుక్క.

ఆరేడు వారాలకు రెక్క పొరలో కోడి అమ్మోరు టీకా. జుట్టు మీద, కళ్ళ చుట్టూ పొక్కులు లేచే మశూచి దీనితో ఆగుతుంది.

ఎనిమిది నుంచి పది వారాలకు ఆర్‌2బి టీకా, రెక్క కింద చర్మంలోకి అర మిల్లీలీటరు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి వేయించాలి. ఇది చిన్న పిల్లలకు వేయకూడదు. ఈ టీకాకు వారం పది రోజుల ముందు నట్టల మందు తాగించాలి. జబ్బుగా ఉన్న కోడికి ఏ టీకా వేయకూడదు.

కొనుక్కొచ్చే పిల్లలకు మెరెక్స్ టీకా వేశారో లేదో హేచరీలో అడగండి. వాటికి రెండు వారాలకు గంబోరో టీకా కూడా అవసరం.

ఇంత తెలిసినా టీకా ఎందుకు పడటం లేదు? సీసా ఒకటి 100 కోళ్ళకో 200 కోళ్ళకో సరిపోతుంది. ఎనిమిది కోళ్ళున్న ఇల్లు ఒక సీసా కొనదు. కలిపిన టీకా గంట రెండు గంటల్లో అయిపోవాలి, దాచుకోవడానికి లేదు. అందుకని ఎవరూ వేయించరు, తెగులు మాత్రం ఇల్లిల్లూ తిరుగుతుంది. దీనికి ఉపాయం ఒక్కటే. పేటలో 20 ఇళ్ళు, ఇంటికి 8 కోళ్ళంటే 160 కోళ్ళు. ఒక సీసాకు సరిపోయే లెక్క. డ్వాక్రా సంఘం సమావేశంలో ఒక తేదీ అనుకుని, పశువుల ఆసుపత్రికి గానీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకునికి గానీ ముందుగా చెప్పండి. తెల్లవారుజామున కోళ్ళు గూట్లో ఉండగానే, ఐసు ముక్కల మధ్య టీకా తెప్పించి ఇల్లిల్లూ వేసుకుపోతే గంటన్నరలో పని అయిపోతుంది. ఒక్క ఇల్లు మానేసినా తెగులుకు అది తలుపు తెరిచినట్టే.

ఇది కాగితం మీది మాట కాదు. ఎండకు తొందరగా చెడని ఐ-2 అనే టీకాను ఆస్ట్రేలియాలో తయారు చేశారు. ఆఫ్రికాలోని మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరివాళ్ళకే, ముఖ్యంగా ఆడవాళ్ళకు, శిక్షణ ఇచ్చి నాలుగు నెలలకోసారి ఊరి కోళ్ళన్నిటికీ కంట్లో చుక్క వేయించారు. మనకన్నా కరెంటు, రోడ్లు తక్కువున్న పల్లెలవి. అక్కడ అయిన పని ఇక్కడ కాకపోదు.

పుంజు మార్చండి, పెట్టను నిలపండి

ఒకే పుంజు నాలుగేళ్ళు ఇంట్లో ఉంటే తన బిడ్డల్నే దాటుతుంది. అప్పుడు గుడ్లలో జీవం తగ్గుతుంది, పిల్లలు నీరసంగా, వంకర కాళ్ళతో పుడతాయి. కాబట్టి ఏడాదిన్నర, రెండేళ్ళకోసారి పుంజును మార్చాలి. కొనాల్సిన పని కూడా లేదు. చుట్టాల ఊరి పుంజుతో మార్పిడి చేసుకున్నా చాలు. వీరులపాడులో పుంజు కంచికచర్లకు, ఇక్కడి పుంజు చందర్లపాడుకు పోతే రెండు చోట్లా రక్తం మారుతుంది. కొత్తగా తెచ్చిన కోడిని రెండు వారాలు వేరే కట్టేసి, జబ్బు లేదని తేలాకే మందలో కలపాలి.

బరువు కావాలంటే నాటు పెట్టల మీద మంచి అసీలు పుంజును గానీ, వనరాజా పుంజును గానీ వదలవచ్చు. మొదటి తరం పిల్లలు బాగా ఎదుగుతాయి, మాంసానికి అమ్ముకోవచ్చు. కానీ విత్తనానికి ఉంచుకునే పెట్టలను మాత్రం నాటు తల్లికి, నాటు పుంజుకు పుట్టిన వాటిలోంచే ఏరుకోండి. మన ఇళ్ళల్లో ఒక పొరపాటు జరుగుతుంటుంది. పండక్కి అన్నిటికన్నా బలిసిన పుంజునే కోస్తాం, ఎవరూ కొనని బక్కది మిగిలి మందకు తండ్రి అవుతుంది. ఏటా అదే జరిగితే జాతి చిన్నబోక ఏమవుతుంది? మంచి పుంజు కాలికి ఒక దారం కట్టండి, అది కత్తికి కాదు.

తొలి పెట్టుబడి లేని ఇంటికి వాటా పద్ధతి మంచి దారి. ఒకరి పెట్టను ఇంకొకరు పెంచి, దిగిన పిల్లల్లో సగం సగం పంచుకోవడం మన పల్లెల్లో పాతదే. తూర్పు గోదావరి మన్యంలో ఆంత్ర అనే సంస్థ అసీలు కోళ్ళను నిలబెట్టే పనిలో ఈ వాటా పద్ధతినే వాడుకుంది. జాతీ నిలిచింది, లేనివాళ్ళకు కోడీ దొరికింది.

చేలల్లో, కల్లాల్లో జాగ్రత్త

మనది పత్తి, మిర్చి నేల. మందు పట్టించిన పత్తి విత్తనాలు, మొక్కజొన్న విత్తనాలు విత్తే రోజుల్లో కోళ్ళను వారం రోజులు కట్టేయాలి. మిగిలిన విత్తనం సంచి పెరట్లో పారేయకూడదు. ఎలుకల మందు కలిపిన నూకలు గట్ల మీద పెట్టినా, మందు కలిపిన నీళ్ళ తొట్టి మూత లేకుండా వదిలేసినా పోయేది కోడే. కల్లంలో మిరపకాయలు ఆరబోసినప్పుడు కోళ్ళు వెళ్ళి కెలికితే ఇరుగుపొరుగుల మధ్య మాటా మాటా పెరుగుతుంది. ఆ నెల రోజులు చిన్న దొడ్డి కట్టి లోపలే మేపడం మంచిది.

రాత్రి గూడు నేలకు రెండడుగుల ఎత్తున ఉండాలి. కోడికి ఒక చదరపు అడుగు చోటు చాలు. గాలి ఆడాలి, పాము, ముంగిస దూరకూడదు. ఎండాకాలంలో చెట్టు కింద మూడు నాలుగు మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెట్టండి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలతో పాటు మన ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోనూ బర్డ్‌ఫ్లూ బయటపడింది. కాబట్టి ఒక్కసారిగా నాలుగైదు కోళ్ళు చస్తే కొక్కెర తెగులేలే అని వదిలేయవద్దు. పశువైద్యునికి కబురు చేయండి. చచ్చిన కోళ్ళను మునేరులోనో కాలవలోనో వేయకుండా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. జబ్బుపడ్డ కోడిని కోసి తినడం, చవకగా అమ్మేయడం రెండూ ప్రమాదమే. చచ్చిన కోడిని చేత్తో పట్టుకుంటే సబ్బుతో కడుక్కోవాలి.

అమ్మకం సంగతి

నాటుకోడికి ధర పలికేది దాని రంగుకు, కండ గట్టిదనానికి, రుచికి. సంక్రాంతికి, కనుమకు, అమ్మవారి మొక్కులకు గిరాకీ ఎక్కువ. అందుకు ఆరేడు నెలల ముందు, అంటే తొలకరికి పొదిగేసిన పిల్లలు పండక్కి అందివస్తాయి. హైదరాబాదు, విజయవాడ రోడ్డు మన మధ్యనుంచే పోతోంది. దారి పొడుగునా నాటుకోడి పులుసు బోర్డులే. అయితే రంగు ఈకల ఫారం కోళ్ళను నాటువని అమ్మేవాళ్ళూ ఉన్నారు. మీరు వనరాజాను వనరాజాగా, నాటును నాటుగా చెప్పి అమ్మండి. ఒకసారి నమ్మకం కుదిరిన కొనుగోలుదారు ఇంటికే వస్తాడు.

పందేల కోసం పెంచితే పుంజుకు వేలల్లో వస్తుంది కదా అని కొందరి ఆశ. 1960 జంతుహింస నివారణ చట్టం, 1974 ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టం రెండూ కోడిపందేలకు అడ్డు చెబుతున్నాయి. కేసుల్లో ఇరుక్కుంటే చిన్న రైతు కోర్టు చుట్టూ తిరగలేడు. అసీలు పుంజును విత్తనానికి, మాంసానికి పెంచి అమ్మితే ఏ భయమూ లేదు.

పిల్లలు, గుడ్లు, టీకాల వివరాలు మీ పశువుల ఆసుపత్రిలో, జగ్గయ్యపేట మండలం గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రంలో, గన్నవరం పశువైద్య కళాశాలలో అడిగి తెలుసుకోవచ్చు. అడగడానికి వెళ్ళేముందు ఇంట్లో ఒక పని చేయండి. పాత క్యాలెండరు వెనక, పెట్ట పేరు, వేసిన గుడ్లు, దిగిన పిల్లలు, ఆరు వారాలకు మిగిలినవి, పోయినవి దేనివల్ల పోయాయి అని ఐదు గళ్ళు గీసుకుని రాయండి. గద్ద వల్ల పోతే గంప కావాలి, తెగులు వల్ల పోతే టీకా కావాలి, గుడ్డే ఒట్టిదైతే పుంజు మారాలి. ఒక్క ఏడాది ఈ లెక్క రాస్తే మీ పెరటికి ఏది కావాలో మీకే తెలుస్తుంది. ఏ జాతి తేవాలన్న ప్రశ్న ఆ తర్వాత వేసుకోవచ్చు.